తుబ్లీ బురదలో కొత్త జూమ్ లెన్సు

కొత్త జూమ్ లెన్సు గురించి పోయిన నెల ఇక్కడ రాసినప్పటి నుంచి, దాన్ని పక్షుల మీద వాడి చూశారా అని చాలామంది అడుగుతున్నారు. డెబ్బై నుంచి మూడువందల మిల్లీమీటర్ల దాకా వెళ్ళే లెన్సు, చేతి వణుకును సర్దుకునే ఏర్పాటు కూడా ఉంది. గల్ఫులో మేముండే మహూజ్ పేటలో మా బాల్కనీ నుంచి ఎదురింటి డిష్ యాంటెన్నా మీది పావురాలను తీసి అభిప్రాయం చెప్పడం నాకే నచ్చలేదు. ఇంట్లో ఇంకో గొడవ ఉంది. మా ఆయన ప్రభాకర్ ఇప్పటికీ ఫిల్ము వదలని మనిషి. పది మెగాపిక్సెళ్ళ కెమెరా మనలాంటివాళ్ళకు కూడా అందుబాటులోకి వచ్చిందని నేనంటే, "నీ మెగాపిక్సెళ్ళు చెప్పుకోడానికే గానీ చూసుకోడానికి కాదే" అంటారు. చలికాలంలో తుబ్లీ అఖాతానికి ఫ్లెమింగోలు వస్తాయి కాబట్టి అక్కడే తేల్చుకుందామని బయల్దేరాం. తిరిగొచ్చాక ఈ టపా రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచిపోయాను.

శుక్రవారం ఇక్కడ సెలవు, మా తెలుగు క్రైస్తవ సహవాసం ఆరాధన సాయంత్రం కాబట్టి ఉదయం ఖాళీ. పాపను పక్కింటి వాళ్ళ దగ్గర పడుకోబెట్టి, తెల్లవారకముందే యూసుఫ్ భాయ్ టాక్సీ ఎక్కాం. ఆయనది నిజామాబాద్ దగ్గర ఊరు, మమ్మల్ని చాలాకాలంగా తిప్పుతున్నాడు. అక్కడే ఆగి మళ్ళీ తీసుకురావడానికి అయిదు దినార్లకు ఒప్పుకున్నాడు. ఈసా టౌన్ మీదుగా సనద్ వైపు వెళ్తే శుక్రవారం ఉదయం పావుగంట దారి. మధ్యలో ఒక కెఫెటేరియా దగ్గర చాయ్ తాగాం. మలయాళీ వంటమనిషి మా బ్యాగులూ ట్రైపాడూ చూసి, "షాదీ హై క్యా?" అని అడిగాడు.

"పెండ్లి లేదు, ఏం లేదు. పిట్టల ఫోటోల కోసమంట" అని యూసుఫ్ భాయ్ మావైపు తిరిగి నవ్వాడు. "గింత పొద్దుగాల గవ్విటికోసం లేస్తరా సార్? మా దుబాయి బతుకుల నిద్రకే కరువు."

ఏసీ గదిలోంచి తీసిన కెమెరాను ఇక్కడి తేమ గాలిలో వెంటనే బయటపెడితే అద్దం మీద ఆవిరి పడుతుంది. ఆ అలవాటుకొద్దీ ఈ చలిలోనూ దారంతా బ్యాగు మూసే ఉంచాను. మడచెట్ల పక్కన కారు ఆగేసరికి నీళ్ళు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. తడి ఇసుక మీద దూరంగా గులాబీ రంగు గీతలా పక్షులు నిలబడి ఉన్నాయి. యూసుఫ్ భాయ్ కారు దగ్గరే ఆగిపోయాడు. మేమిద్దరం నడిచాం. పాదం కింద నేల గట్టిగానే ఉంది. ఒకచోట చీలమండ లోతు కాలువలాంటిది దాటాం. దాని గురించి ఇద్దరం ఏమీ అనుకోలేదు.

లెన్సు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ కొద్దిపాటి వెలుగులో మూడువందల దగ్గర చేత్తో పట్టుకుని తీసినా ఫ్లెమింగో ముక్కు కింద నీటిబొట్టు స్పష్టంగా వచ్చింది. వెనక తెరమీద పెద్దది చేసి చూపిస్తే మా ఆయన తన కెమెరాలో రీలు తిప్పుకున్నారు. పక్షులు జరిగినకొద్దీ మేమూ జరిగాం. కాసేపటికి ఫోకస్ పట్టకుండా లెన్సు ముందుకూ వెనక్కూ గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. పాడైందేమోనని కన్ను తీసి చూశాను. పక్షులు లేవు, ఒడ్డూ లేదు. పొగమంచు మా చుట్టూ తెల్లగా కమ్ముకుని ఉంది.

మొదట నాకది అందంగానే కనిపించింది. జూమ్‌ను బ్యాగులో పెట్టి చిన్న లెన్సు తగిలించి రెండు ఫోటోలు కూడా తీశాను. వెనక్కి బయల్దేరాక చూస్తే మా అడుగుజాడలు ఒకచోట నీళ్ళలోకి వెళ్ళి ఆగిపోయాయి. వచ్చేటప్పుడు దాటిన కాలువ వెడల్పయింది. నేను కాకినాడలో పెరిగినదాన్ని. అక్కడ సముద్రం హోరుతో వస్తుంది. ఇక్కడ చప్పుడే లేదు. పోటు మా ముందు నుంచి కాకుండా పక్కనుంచి తిరిగి వెనక్కి చేరింది.

"ఇటు లోతు తక్కువగా ఉంది, ఇలా రా" అంటూ ఆయన కాలువ పక్కగా నాలుగడుగులు వేశారు. అయిదో అడుగుకు మోకాలిదాకా దిగిపోయారు. లాక్కోబోతే రెండో కాలూ దిగింది.

"సుహా, నువ్వు రాకు!"

ఆయన గొంతు అలా మారడం పెళ్ళయ్యాక ఎప్పుడూ వినలేదు. కదిలినకొద్దీ బురద తొడలకు ఎక్కింది. నా చెప్పుల మీదికి నీళ్ళు వచ్చాయి. ఫోన్ తీసి చేశాను. యూసుఫ్ భాయ్‌కి చెప్పగానే అటునుంచి, "యా అల్లా" అని మాత్రం వినిపించింది. తర్వాత అన్నాడు, "పోలీసులకు చేస్తున్న మేడమ్. నాకు ఈత రాదు. ఏం జెయ్యాల్నో చెప్పున్రి."

"హారన్ కొట్టండి. ఆపకుండా కొట్టండి."

హారన్ వినిపించింది గానీ ఏ దిక్కునుంచో తెలియలేదు. మంచులో అది అన్నివైపుల నుంచీ వస్తున్నట్టుంది.

ఆయన నన్నే చూస్తున్నారు. "ఇద్దరం ఇక్కడే ఉండిపోతే పాపకెవరే? నువ్వెళ్ళి మనుషుల్ని తీసుకురా."

"ఎటెళ్ళమంటారండీ? ఏ దారిన వెళ్ళాలో తెలిస్తే కదా!" అని అరిచాను. ఏడుపు వస్తోంది. భుజం మీది బ్యాగు తీసి ఆయన ముందు బురద మీద పరిచినట్టు పడేశాను.

"అందులో లెన్సుందే!"

"ఉండనివ్వండి. దాని మీద పడుకోండి."

ఆయన ఛాతీ బ్యాగు మీద ఆనించి ముందుకు వాలారు. నేను గట్టి ఇసుక మీద కూర్చుని, ట్రైపాడ్ ఒక కొస ఆయనకు అందించి రెండో కొస లాగాను. బ్యాగు బుడగలు వదులుతూ కిందికి పోతోంది. కాలు కొంచెం కొంచెంగా అటూ ఇటూ కదిలించమన్నాను. అది సరైనదో కాదో నాకు తెలియదు. మొదటి కాలు బూటు వదిలేసి బయటికొచ్చింది. రెండోది రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. అప్పటికి నేను కూర్చున్నచోట నడుముదాకా నీళ్ళున్నాయి. ప్రార్థన చేశానా అని తర్వాత సహవాసంలో అడిగారు. మాటలేవీ రాలేదు, యేసయ్యా, యేసయ్యా అని మాత్రం అంటూ ఉన్నాను.

పై జేబులో ఫోనూ, మెడలో కెమెరా ఇంకా పొడిగానే ఉన్నాయి. కెమెరా ఫ్లాష్ పైకి లేపి ఫోన్లో చెప్పాను: "భాయ్, నేను ఫ్లాష్ కొడతాను. వెలుగు కనపడితే హారన్ ఆపండి."

ఒకవైపు తిరిగి కొట్టాను. మంచంతా తెల్లగా మెరిసి మా కళ్ళే చెదిరాయి. హారన్ ఆగలేదు. ఇంకోవైపు తిరిగి కొట్టాను. ఆగలేదు. మూడోసారి హారన్ టక్కున ఆగిపోయింది.

"కనవడ్డది మేడమ్! అట్లనే రాన్రి, సీదా రాన్రి!"

ఒకరినొకరం పట్టుకుని, ట్రైపాడ్‌తో ముందు నేల పొడుస్తూ, మధ్యమధ్య ఫ్లాష్ కొడుతూ నడిచాం. కాలువలో నీళ్ళు ఛాతీదాకా వచ్చాయి. కెమెరాను నెత్తిమీద పెట్టుకున్నాను. అడుగున కాలు నిలిచింది, అదే మా అదృష్టం. యూసుఫ్ భాయ్ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చి చేతులు చాపి నిలబడి ఉన్నాడు. భాయ్ చెయ్యి తగలగానే మా ఆయన అక్కడే కూలబడ్డారు. కాసేపటికి వచ్చిన పోలీసు దుప్పటి కప్పి, మా ఆయన భుజం తట్టి, "ఖలాస్, ఖలాస్" అన్నాడు, అయిపోయింది, ఇక భయం లేదన్నట్టు. యూసుఫ్ భాయ్ బురదతో నిండిన సీట్ల సంగతి ఎత్తనే లేదు. మా ఇంటి ముందు ఆపాక మాత్రం, "ఇంట్ల పిల్ల ఉన్నది గద సార్" అన్నాడు.

లెన్సు తిరిగి రాలేదు. మంచిదని మాత్రం చెప్పగలను, కొనాలనుకునేవాళ్ళు కొనుక్కోవచ్చు. ఆ ఫ్లెమింగోల ఫోటోలన్నీ కార్డులో ఉన్నాయి, ఒక్కటే ఇక్కడ పెట్టాను. మిగతావి తెరవలేదు. ఇప్పటికీ నిద్రలో ఆయన కాలు దుప్పటిలో చిక్కుకుంటే ఉలిక్కిపడి లేస్తారు, నేనూ లేస్తాను. దూరాన్ని దగ్గరకు తెచ్చే అద్దంలోంచి చూస్తున్నంతసేపూ నేను కూడా ఆ పక్షుల పక్కనే క్షేమంగా ఉన్నాననుకున్నాను. నా కాళ్ళు మాత్రం వేరేచోట ఉన్నాయి. లెన్సుల గురించి ఇన్నాళ్ళుగా రాస్తున్నా ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకటే మాట: పోటు వేళ ముందే కనుక్కుని, నీళ్ళు పూర్తిగా తగ్గాక కాదు, తగ్గుతున్నప్పుడే దిగి, తిరగబడక ముందే బయటికొచ్చేయండి. పక్షులు ఇంకా అక్కడే ఉన్నా సరే, వచ్చేయండి.