బుడగ కనిపించే నీళ్ళు

మా అన్నయ్య సైకిళ్ళు బాగుచేసేవాడు. కాలువ గట్టు మీద రేకుల పంచ, గోడ నిండా మేకులు, మేకులకు టైర్లు. అదే దుకాణం. ఎవరైనా పంక్చరైన సైకిలు తెస్తే ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, మెట్లు దిగి కాలువలో ముంచేవాడు. బుడగ లేచిన చోట వేలు నొక్కిపెట్టి, "ఇదిగో దొంగ," అనేవాడు. అతన్ని తలుచుకుంటే నాకు ముందు వినిపించేది ఆ మాటే.

ఆ కాలువ మా కళ్ళముందే చచ్చిపోయింది. ముందు గుర్రపుడెక్క కమ్మేసింది. దాని మీద అందరం తలా ఇంత చెత్త పోశాం. నీళ్ళు తారులా నల్లబడ్డాయి. ముంచిన ట్యూబు కనపడేది కాదు, ఇక బుడగేం కనపడుతుంది? అన్నయ్య దుకాణంలో బకెట్టు పెట్టుకున్నాడు. "బకెట్లో అయితే ట్యూబుని ముక్కముక్కగా తిప్పి చూడాలి. కాలువలో ఒక్క చూపుకి తెలిసిపోయేది," అని సణుగుతూనే ఉండేవాడు.

"ఆ కాలువ మీదున్న బెంగ నా మీదుంటే ఈపాటికి బంగారమైపోయేదాన్ని," అనేది వదిన.

ఒక వేసవిలో మునిసిపల్ ఆఫీసు వాళ్ళు ఒక ఇంజనీరుని వెంటబెట్టుకుని టేపులతో వచ్చారు. కాలువ పూడ్చి రోడ్డు వేస్తారట. అన్నయ్య చేతులు తుడుచుకుంటూ ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు.

"పారే కాలువని పూడుస్తారాండీ?"

"పారుతుంటే ఎందుకు పూడుస్తామయ్యా? ఎక్కడ పారుతోందో నువ్వే చూపించు."

"చూపిస్తే?"

"వానలు పడగానే ఇంకోసారి వస్తాను. అప్పుడు పారుతూ కనపడితే వద్దని పైకి రాస్తాను." ఇంజనీరు నవ్వుతూ అన్నాడు.

"ఆయన నవ్వుతాలుకి అన్నాడు, ఈయన నిజమనుకున్నాడు. మా పెళ్ళిచూపుల్లోనూ ఇంతే," అంది వదిన.

ఆ ఆదివారం నుంచే పని మొదలైంది. అన్నయ్య పాత సైకిళ్ళ ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులకు వంపు కొక్కేలు అతికించి, వెనక తాడు కట్టాడు. వాటిని డెక్క మీదకి విసిరి, కొక్కెం దిగాక అందరూ కలిసి గట్టుకు లాగాలి. చూడటానికి ముక్కు వంచిన కొంగల్లా ఉండేవి. అందుకని అందరూ వాటిని కొంగలనే పిలిచారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఈల తెచ్చుకున్నారు. ఈల మోగితే లాగడం, మళ్ళీ మోగితే ఆపడం. పల్లపు వీధి నుంచి బేకరీ ఆవిడ వచ్చేది. పిండి పిసికిన చేతులు కదా, ఆవిడ తాడు పట్టిందంటే ఇద్దరు మగాళ్ళు పక్కకి తప్పుకునేవారు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది మొదటిరోజే గట్టు మీద టీ తాగుతూ తేల్చారు. కాలువ ఎగువన తూము దగ్గర పుట్టి, దుకాణం ముందు నుంచి వెళ్ళి, దిగువన పల్లపు వీధి పక్కనున్న కల్వర్టు గొట్టంలోంచి బయటికి పోతుంది.

"పైనుంచా, కిందనుంచా?" అన్నారు మాస్టారు.

"పంక్చరు వెతికేటప్పుడు వాల్వు దగ్గర మొదలెట్టి చుట్టూ వస్తాం మాస్టారూ. మధ్యలో మొదలెడితే ఏదో ఒక చిల్లు వదిలేస్తాం. కాలువకి వాల్వు తూమేగా," అన్నాడు అన్నయ్య.

అందరూ తలలూపారు. టీ పోస్తున్న నాకూ అది సబబుగానే తోచింది.

వేసవంతా లాగారు. డెక్క కింద నుంచి పరుపులు, కుర్చీలు, ఒక కుట్టుమిషను కూడా బయటపడ్డాయి. "ఇదెవరి కట్నమో," అని మాస్టారు నవ్వించారు. చేతులు బొబ్బలెక్కినా ఎవరూ మానలేదు. వేసవి చివర్లో తూము నీళ్ళు దుకాణం దాకా వచ్చాయి. బురద తేరుకోవడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఒక పొద్దున అన్నయ్య ఎవరితోనూ చెప్పకుండా ట్యూబు పట్టుకుని మెట్లు దిగాడు. అది చూసి మేమంతా గట్టు మీదకి చేరాం. ముంచాడు. చాలాసేపు అలా వంగే ఉన్నాడు. తర్వాత "ఇదిగో దొంగ," అన్నాడు, మాకు వినపడీ వినపడనట్టు. మాస్టారు ఈల ఊదారు. బేకరీ ఆవిడ రొట్టెలు పంచింది. వదిన మాత్రం, "ట్యూబు చిల్లుపడిందని ఇంత సంబరం ఎక్కడా చూడలేదు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

మేమంతా లాగుతున్న చోటే చూశాం. కొక్కేలకు తెగిన డెక్క వేర్లు, జారిపోయిన మోపులు నెమ్మదిగా దిగువకు కొట్టుకుపోవడం ఎవరూ పట్టించుకోలేదు. అదంతా వెళ్ళి కల్వర్టు గొట్టంలో బిరడాలా బిగుసుకుంది. మొదటి పెద్దవానకు నీళ్ళు గొట్టందాకా పరుగెత్తుకుంటూ వెళ్ళాయి. దారి లేక పల్లపు వీధిలోకి తిరిగాయి.

మధ్యాహ్నం బేకరీ ఆవిడ మోకాళ్ళదాకా బురదతో దుకాణానికి వచ్చింది. అరవలేదు.

"అన్నా, నీళ్ళు పారించావు. మా ఇంట్లోకి. పిండి బస్తాలన్నీ ముద్దయిపోయాయి."

అన్నయ్య కొంగను భుజాన వేసుకుని కల్వర్టుకు పరుగెత్తాడు. రొమ్ములోతు నీళ్ళలో దిగి కొక్కెం గుచ్చాడు. గట్టు మీద మాస్టారు లేరు, ఎవరూ లేరు. తాడు రెండో కొస వదిన పట్టుకుంది.

"ముందు ఈ కింద చెయ్యి పెట్టాల్సింది," అన్నాడు అన్నయ్య పైకి చూస్తూ.

"తొట్టి కన్నం మూసుకుపోతే పైన నీళ్ళు వదులుతామా, ముందు కన్నంలో పుల్ల పెడతామా? గిన్నెలు తోమే ఎవరినడిగినా చెప్పేవాళ్ళు." అంది కానీ తాడు వదల్లేదు.

వాళ్ళు లాగిందెంత, వెనక నుంచి కొట్టుకొచ్చిందెంత.

ఇంజనీరు మాట తప్పలేదు, వచ్చాడు. కల్వర్టు మీద నిలబడ్డాడు. పల్లపు వీధి అంతా అతని చుట్టూ చేరింది. వేసవంతా తాడు లాగినవాళ్ళూ అందులో ఉన్నారు.

"పూడ్చేయండి సార్," అని అందరికంటే ముందు అన్నది బేకరీ ఆవిడే. అన్నయ్య వైపు చూడకుండా అంది.

ఇంజనీరు అన్నయ్యను పక్కకు పిలిచాడు. "పారుతోందయ్యా, ఒప్పుకుంటాను. ఎక్కడికి పారుతోందో కూడా నేను చూడాలిగా?"

వానలు తగ్గాక మట్టి లారీలు వచ్చాయి. తూము మూసి, అక్కడి నుంచి కిందికి పూడ్చుకుంటూ వచ్చారు. "వీళ్ళూ వాల్వు దగ్గరే మొదలెట్టారు," అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత అతను జోకు వేయగా నేను వినలేదు. రోడ్డుకు అడ్డమని దుకాణం రేకులు విప్పించారు. ఇంటి అరుగు మీద బకెట్టు పెట్టుకుని ఎవరైనా వస్తే ట్యూబు చూసేవాడు, ముక్కముక్కగా తిప్పుతూ. కల్వర్టు నీళ్ళలో పట్టుకున్న దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రి మంచం మీద ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "కిందనుంచి మొదలెడితే సరిపోయేదే చెల్లీ," అన్నాడు. ఆ వారమే పోయాడు.

ఈసారి వానలకు పల్లపు వీధిలో నీళ్ళు నడుముదాకా వచ్చాయి. ఇదివరకు పోవడానికి ఒక కాలువైనా ఉండేది. బేకరీ ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"వదినా, అన్న చేసిన కొంగలు ఉన్నాయా?"

"ఉన్నాయి," అంది వదిన. లోపలికి వెళ్ళి మంచం కింద నుంచి ఒకటి తీసుకొచ్చింది. కొక్కేలకు ఇంకా ఎండిన డెక్క వేళ్ళాడుతోంది. ఆవిడ చేతికి ఇవ్వబోయి ఆగింది.

"కాలువేదీ?" అంది.

బేకరీ ఆవిడ వానలోకి వెళ్ళిపోయింది. వదిన కొంగను తిరిగి మంచం కింద పెట్టింది.