ముగ్గురం ఆడిన ఆట

డిగ్రీ పూర్తి చేసి, విజయవాడలో రెండేళ్లు బ్యాంకు పరీక్షల కోచింగ్ వెలగబెట్టి, చివరికి నేను చేపట్టిన వృత్తి కట్టెలు కొట్టడం. అదీ ఫోన్లో. వేలమంది కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట అది. ఎవరి రాజ్యం వాళ్లు కట్టుకోవాలి. అందుకు కలప, రాయి, ఇనుము కావాలి. అవి పోగెయ్యాలంటే గంటల తరబడి తెరను వేలితో పొడుస్తూ కూర్చోవాలి. డబ్బున్న ఆటగాళ్లకు అంత ఓపిక ఉండదు. నాకా, ఓపిక తప్ప ఇంకేమీ లేదు. నేను పోగేసింది ఆటలోనే ఉన్న సంతలో వాళ్లకు అమ్మేదాన్ని. నిజం డబ్బే వచ్చేది. కోచింగ్‌లో నా పక్కన కూర్చుని ఉద్యోగం కొట్టిన అమ్మాయి జీతంలో సగం ఉండేది.

మాది మంగళగిరి. ఇంట్లో మగ్గం. షావుకారు నూలిస్తే నాన్న నేసిచ్చి మజూరీ తీసుకునేవాడు. నాన్న పొద్దున ఏడింటికి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే మళ్లీ లేచేది భోజనానికే. అలా కూర్చునే, నన్ను చూసి "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయమ్మా" అనేవాడు. ఇంటికొచ్చినవాళ్లు అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే "ఖాళీగానే ఉందండీ" అని చెప్పేవాడు. కరెంటు బిల్లు ఆ ఖాళీ అమ్మాయే కట్టేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఇలా ఉండగా ఆట కంపెనీవాళ్లు, అందరికంటే పెద్ద రాజ్యం ఎవరు కడతారో చూద్దామని నలభై రోజుల పోటీ పెట్టారు. మొదటి స్థానానికి లక్ష రూపాయలు. లక్ష తెచ్చి ఎదుట పెడితే గానీ నేను చేసేది పని అని నాన్న ఒప్పుకోడని నాకు తెలుసు. నాకు డబ్బూ కావాలి, ఆ ఒప్పుకోలూ కావాలి.

మగ్గం ఇళ్లలో ఒక అలవాటుంది. పని దగ్గర ఒకరు లేస్తే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. ఎవరూ పిలవక్కర్లేదు. ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ నా ఫోను పట్టుకుని కట్టెలు కొడుతోంది.

"ఊరికే పడుందిగదే, నాలుగు కొడతన్నా" అంది.

ఆవిడ వేళ్లు నా వేళ్ల కంటే చురుకు. వారం తిరిగేసరికి పొద్దుటి పూట కలపంతా ఆవిడదే. తర్వాత నాకు జ్వరం వచ్చింది. మూడు రోజులు ముసుగుతన్ని పడుకుని లేచి చూస్తే నా కోట చుట్టూ కొత్తగా రెండు వరసల గోడ ఉంది, చీర అంచంత తిన్నగా. ఎవరు కట్టారంటే నాన్న కిటికీలోంచి వీధిలోకి చూస్తూ జవాబిచ్చాడు.

"ఎవడో దూరతన్నాడమ్మా లోపలికి. చూత్తా ఊరుకుంటామా?"

అప్పటినుంచి మధ్యాహ్నం భోజనమయ్యాక ఓ గంట గోడల పని ఆయనది. వచ్చినవాళ్లకు మాత్రం నేనింకా ఖాళీయే.

మొదటి స్థానం మాకే వచ్చింది. మాకే అన్నానా? కంపెనీ లెక్కలో నాకు. ఒక అకౌంటును ఒక్కరే ఆడాలని నిబంధన ఉంది. నేను చదివాను. చదివి ఊరుకున్నాను.

డబ్బు వేసే ముందు కంపెనీ అతను వీడియో కాల్ చేశాడు. తెలుగతనే, మర్యాదస్తుడు. వివరాలన్నీ రాసుకున్నాక అడిగాడు.

"చివరిగా ఒక్కటండీ మేడమ్. ఈ అకౌంటు మీరొక్కరే ఆడారు కదండీ?"

అవునండీ అనబోయాను. వెనక నుంచి నాన్న అందుకున్నాడు.

"ఒక్కత్తే ఎట్టా ఆడుద్దండీ? పొద్దున కలపంతా వాళ్లమ్మే కొట్టింది. గోడలు నేను కట్టా. ముగ్గురం పనిచేత్తేనే గదండీ ఫస్టొచ్చింది!"

మా ఇల్లు ఎంత కష్టపడే ఇల్లో అతనికి తెలియాలని ఆయన ఆరాటం. అతను రాసుకున్న కాగితం పక్కన పెట్టాడు. తర్వాత క్షమించమంటూ, అకౌంటు రద్దు చేయాల్సి వస్తుందని చెప్పి పెట్టేశాడు.

"డబ్బులెప్పుడేత్తారంట?" అన్నాడు నాన్న.

"ఇంకెక్కడి డబ్బులు! నోరు మూసుకుని ఉండలేకపోయావా నాన్నా?" అని అరిచాను. ఏడుపొచ్చేసింది. నిబంధన సంగతి చెప్పాను. ఆయనకది బొత్తిగా మింగుడుపడలేదు.

"పని చేసింది ముగ్గురమైతే ఒక్కళ్ల పేరెట్టా చెప్తామే?"

పని. నలభై రోజులు నేను ఏ మాట కోసం ఆడానో ఆ మాట వచ్చింది, సరిగ్గా లక్ష రూపాయల ఖరీదుకి.

మూలన రాట్నం దగ్గర కూర్చుని, నాన్న నేతకోసం కండెలకు నూలు చుడుతున్న అమ్మ చెయ్యి ఆపింది. గొంతు పెంచలేదు.

"ముప్ఫయ్యేళ్ల నించీ ఈ కండెలు చుట్టేది నేనే గదా. మజూరీ రాసేటప్పుడు షావుకారుకి ఈ మాట ఒక్కసారన్నా చెప్పారా?"

నాన్న వెళ్లి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. ఆయన తరఫున ఏదో ఒకటి సర్దిచెప్పాలనిపించింది గానీ, ఏ మొహం పెట్టుకుని చెప్పను? కంపెనీ అతను అడిగినప్పుడు నాన్న ఒక్క క్షణం ఆలస్యం చేసి ఉంటే, నేనొక్కదాన్నే ఆడానని నేనూ అవునండీ అనేసేదాన్నే.