నాభిగడ్డ

ఇన్నేళ్లుగా గుండెల మీద బండ మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు నా ముఖం తెలియదు కాబట్టి చెబుతున్నాను.

ప్రకాశం జిల్లా కొత్తగా ఏర్పడిన రోజులు. నేనూ గురవయ్యా గిద్దలూరులో ఇంటర్ చదివేవాళ్లం. గొర్రెల కాపరుల ఇంట్లో కాలేజీ గడప తొక్కింది వాడొక్కడే. జీవకణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపుకు లాగే కండె పోగులంటే మా ఇద్దరికీ పిచ్చి. ఆ పోగులు ఒక ప్రోటీన్‌తో తయారవుతాయనీ, నాభిగడ్డలోని విషం ఆ ప్రోటీన్‌ను పోగు కానివ్వదనీ మా లెక్చరర్ చెప్పారు. నేను ఊరుకుంటానా? నల్లమల అంచున బుట్టెడు గడ్డలు తవ్వి, మా బావి దగ్గర తరిగి, పోగులు నిజంగా ఆగుతాయేమో చూద్దామని ఆ రసంలో ఉల్లి వేళ్లు నానబెట్టాను. మిగిలిన ముక్కలను ఉల్లి తొక్కలతో కలిపి నీళ్లతొట్టి పక్కన పారేశాను. గురవయ్య గొర్రెలు అక్కడే తాగుతాయని తెలియదా? తెలుసు. ఆ క్షణాన గుర్తు రాలేదు.

మర్నాడు వాళ్ల నాయనకు జ్వరం. గురవయ్యే కాలేజీ మాని గొర్రెలను తోలుకెళ్లాడు. ఆ రాత్రి గడిచి తెల్లారేసరికి దొడ్డిలో మేలైన గొర్రెలన్నీ చచ్చిపడి ఉన్నాయి. వాడిన జొన్న మేసి, అందులోని నాము విషం తగిలిందన్నారు అందరూ. నామైతే చేలోనే పడిపోవాలి కదా అని ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించిన నేను బావి దగ్గరికి పరిగెత్తి, కొరికిన ముక్కలు ఏరి, గుంత తీసి పూడ్చేశాను.

వాళ్ల నాయన వాణ్ణి ఊరందరి ముందు కొట్టి చదువు మాన్పించాడు. ఆ సాయంత్రం వాడు నా దగ్గరికొచ్చాడు.

"నేను జొన్నలోకి తోల్లేదురా. నువ్వన్నా నమ్ముతావా?"

"నమ్ముతాలేరా."

"నువ్వొక్కడివి నమ్మినావు. సాలు" అని భోరున ఏడ్చాడు.

దెబ్బలకు భయపడ్డానా? మా నాయన పరువు పోతుందనుకున్నానా? అప్పటికి ఏదో ఒక సాకు ఉంది, తర్వాత ఇన్నేళ్లకు అదీ లేదు. నేను బాటనీ లెక్చరర్నయ్యాను. ఆ ప్రోటీన్ పేరు ట్యూబులిన్ అని పిల్లలకు చెప్పి జీతం తీసుకున్నాను. గురవయ్య కొమరోలు వైపు గొర్రెలు కాస్తూనే ముసలివాడయ్యాడు. పోనుపోను తానే ఏమరుపాటున వదిలేసి ఉంటానని ఒప్పేసుకున్నాడు. నా ఎదురుగా కూర్చునే ఒప్పుకున్నాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు. అలా నమ్మే చనిపోయాడు.

క్షమించాల్సినవాడు లేడు. మీరు క్షమించినా అది చెల్లదు. ఈ ఒక్క మాట మాత్రం ఎవరో ఒకరు వినాలి: ఆ రోజు గురవయ్య గొర్రెలను జొన్నలోకి తోల్లేదు.