అమ్మ తుడిచేసిన ఫెర్న్ ఆకులు

అప్పుడు నేను డిగ్రీ చివరి సంవత్సరం. మర్నాడు జనగామలో ప్రాక్టికల్ పరీక్ష. ఏదైనా ఒక ఫెర్న్ మొక్కను తీసుకెళ్లి దాని జాతి పేరు చెప్పాలి. భూపాలపల్లి అడవిలో వాగు ఒడ్డున దొరికిన మొక్కను పాలకుర్తిలోని మా ఇంటి అరుగు మీద పెట్టి స్నానానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అమ్మ తడిబట్టతో ఆకుల వెనక తుడుస్తోంది.

“పురుగు గుడ్లు పెట్టింది బిడ్డా! మొత్తం తీసేసిన.”

అవి గుడ్లు కావు, కొత్త మొక్కలు మొలిచే సిద్ధబీజాలు. అవి లేకపోతే ఆ జాతిని తేల్చలేం. నేను ఏడుపు లంకించుకున్నాను. అమ్మ ముఖం పాలిపోయింది.

“ఏడ్వకు. గసొంటియి మన బాయిల మస్తున్నయి” అంటూ బయల్దేరింది. వద్దన్నా వినకుండా పాకుడు పట్టిన బావి మెట్లు దిగింది. చివరికి క్షేమంగా పైకొచ్చింది. చేతిలో ఉన్నది వేరే ఫెర్న్!

పరీక్షలో దాన్నే పెట్టాను.

“అడియాంటం ల్యూనులేటం, సార్.”

“ఎట్ల చెప్తవమ్మా?”

అర్ధచంద్రాకారపు చిట్టి ఆకులను, వాటి అంచు మడతల్లోని సిద్ధబీజాలను, ఆకు కొసన పుట్టిన వేరును చూపించాను.

“కరెక్ట్! ఎవరు తెచ్చిన్రు?”

“మా అమ్మ, సార్.”

ఇప్పుడు ఎమ్మెస్సీలో ఫెర్న్‌లే నా చదువు. ఈ వానాకాలం అమ్మను కూడా అడవికి తీసుకెళ్తున్నాను.