మూడుసార్లు చేయి మారిన మెడతాడు

నా చిన్నప్పుడు నేనూ మా మేకా కలిసి ఒక సినిమాలో నటించాం. సరిగ్గా చెప్పాలంటే నేను నటించాను, మేక నటించలేదు. ఆ తేడా నాకు ఒక మేకల వ్యాపారి చెబితే గానీ తెలియలేదు.

గిద్దలూరులో మాది కిరాణా దుకాణం. తాతయ్య గల్లాపెట్టె దగ్గర, నేను ఆయన పక్కన బెల్లం బస్తా మీద. రోజంతా బేరాలు విని విని, పదేళ్ళకే నాకు రాని బేరం లేదనుకునేదాన్ని. నా మేక పేరు చుక్క, నుదుట తెల్లమచ్చ ఉండేది. పుట్టగానే తల్లి చచ్చిపోతే సీసాపాలు పట్టి నేనే పెంచాను. నేను బడికి పోతే నా వెనకే బడికి, దుకాణానికి వస్తే నా వెనకే దుకాణానికి. తవుడు బస్తాకు అది చిల్లు పెడితే తాతయ్య కేకలేసేది నన్ను.

ఒక ఎండాకాలం మద్రాసు నుంచి సినిమావాళ్ళు వచ్చి, రైల్వే గేటు అవతల మైదానంలో ఉత్తుత్తి సంత వేశారు. సంతలో తిరగడానికి జనం కావాలి, పశువులు కావాలి. మనుషుల్ని కుదిర్చే ఏజెంటు ఒకరోజు పొద్దున్నే మా దుకాణానికి వచ్చి చుక్కను చూశాడు. మేకను పట్టుకుని నువ్వూ రా పాపా, మధ్యాహ్నం భోజనం పెడతాం అన్నాడు.

నేను బస్తా దిగలేదు. "భోజనం ఎవురికి అన్నా? నాకా, మేకకా?" అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్విన మనిషి దగ్గర ఇంకొంచెం లాగవచ్చని తాతయ్యను చూసే నేర్చుకున్నాను. నాకొక పొట్లం, మేక పేరున ఇంకో పొట్లం, గడ్డి వేరే, రంగు రిబ్బను వేరే. అన్నీ ఒప్పించాను. మేక అన్నం పొట్లం తినదని ఆయనకు తట్టలేదు, నేను గుర్తు చేయలేదు. అప్పుడే ఉలవలు తూకం వేయించుకుంటున్న కురిచేడు మేకల వ్యాపారి నన్ను చూసి మీసాల్లో నవ్వుకున్నాడు. మా వీధి పిల్లలందరికీ ఆయన మేకల మామ. ఏజెంటు ఆయన్నీ అక్కడికక్కడే కుదుర్చుకున్నాడు. సంతలో మేకలు కొనేవాడి వేషానికి ఆయన ఉన్నవాడు ఉన్నట్టే సరిపోయాడు మరి.

హీరో సంతలో నడిచిపోతుంటే, వెనకాల నేను చుక్క మెడతాడు మామ చేతిలో పెట్టాలి, మామ దాన్ని లాక్కుపోవాలి. అదీ మా పని. మొదటిసారి తాడు ఇచ్చాను. చుక్క నాలుగడుగులు వేసి, నేను వెంట రావడం లేదని చూసి, కాళ్ళు నేలకు తన్నిపట్టి అరిచింది. ఆ అరుపుకు డైరెక్టరు మురిసిపోయాడు. హీరో నడక కుదరలేదని మళ్ళీ తీశారు, మబ్బు పట్టిందని మళ్ళీ తీశారు. మూడుసార్లు తాడు ఇచ్చాను. మూడుసార్లూ అది వెనక్కి తిరిగి నా ముఖం చూసి అరిచింది. నేనేం చేశాను? ఏజెంటు దగ్గరకు పరుగెత్తి, అరుపు మన బేరంలో లేదు, దానికి అరటిపండ్లు వేరే ఇవ్వాలన్నాను. ఇచ్చాడు. ఒకటి అక్కడే ఒలిచి తిన్నాను.

తింటూ తలెత్తి చూస్తే మామ చుక్కను తీసుకుని రైల్వే గేటు దాటిపోతున్నాడు.

పరుగెత్తి అడ్డం నిలబడ్డాను. "మేకనియ్యి మామా!"

"ఎట్ల ఇస్తా పాపా? తాడు నువ్వే గదా ఇచ్చినావు. ఒకసారి గాదు, మూడుసార్లు. ఊరంతా చూసినారు."

మా వైపు సంతల్లో మేకల బేరానికి కాగితం ఉండదు. అమ్మేవాళ్ళు మెడతాడు కొనేవాళ్ళ చేతిలో పెట్టారంటే బేరం ముగిసినట్టే. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా తాడు వెనక్కి రాదు. దుకాణదారుల ఇంట పుట్టినదాన్ని, అది నాకు తెలియదని ఎట్లా అంటాను?

"అది యాక్టింగు మామా!" అన్నాను.

"నీకు యాక్టింగే. దానికి చెప్పినావా?"

 చుక్క అరిచిన మూడు అరుపులూ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. ఆయన నడుస్తున్నాడు, చుక్క వెనక్కి వెనక్కి చూస్తోంది, నేను ఏడుస్తూ వెంటపడ్డాను. పొట్లాలు రెండూ తీసుకోమన్నాను. మిగిలిన అరటిపండ్లు ఇస్తానన్నాను. చివరికి వీధి మధ్యలో కూలబడి కాళ్ళ పట్టీలు విప్పబోయాను. అప్పుడు చూశాను, మేం వచ్చి ఆగింది మా దుకాణం ముందే.

మామ వంగి తాడు నా చేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూశాడు. "పొద్దున అన్నీ అడిగినావు. పొట్లం అడిగినావు, గడ్డి అడిగినావు. ఈ మేకతో ఏం చేయిస్తారని అడగలేదేంది?" అన్నాడు. లోపల గల్లాపెట్టె దగ్గర తాతయ్య అంతా వింటూనే ఉన్నాడు.

నేను అంత ఏడుపులోనూ ఊరుకోలేదు. "నువ్వు అడుగుతావా మామా, మేకల్ని అమ్మేటప్పుడు?"

ఆయన చుక్క చెవులు నిమిరాడు. "అడగను పాపా. అడిగితే నా యాపారం నడవదు. అందుకే నీకు చెప్తుండా," అని, పొద్దున మా దుకాణంలో వదిలిపోయిన ఉలవల మూట భుజానికెత్తుకుని పోయాడు.

ఆ సినిమా మా ఊరికి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్ళాం. తెర మీద నా ముఖం పడలేదు. తాడు అందిస్తున్న చెయ్యి మాత్రం కనబడింది. చుక్క అరుపుకు హాలంతా గొల్లుమని నవ్వింది. నేను మా అమ్మ కొంగు కింద తల దాచుకున్నాను.

మొన్న మార్కాపురంలో ఏదో షార్ట్ ఫిల్ము తీస్తున్నామనీ, గుంపులో నిలబడడానికి మా మనవరాలు తన కుక్కతో రావాలనీ ఫోను వచ్చింది. దాని చేతిలోంచి ఫోను నేను లాక్కున్నాను. కుక్కతో ఏం చేయిస్తారు, గొలుసు ఎవరి చేతిలో ఉంటుంది, అది భయపడి అరిస్తే ఆపుతారా అని అడిగాను. అవతలి అబ్బాయి కంగారుపడి, కనుక్కుని చెబుతానన్నాడు. గంట తర్వాత మళ్ళీ చేశాడు. గొలుసు మనవరాలి చేతిలోనే ఉంటుందనీ, కుక్క బెదిరితే అక్కడితో ఆపేస్తామనీ చెప్పాడు.

ఆ తర్వాతే భోజనం పొట్లాల సంగతి ఎత్తాను. రెండు.