జంట చెయ్యి

విజిల్ వినిపిస్తే ఇప్పటికీ నా పక్కన ఎవరున్నారో చూసుకుంటాను.

ఆ రోజు నరసాపురం రేవులో గోదావరి దాటడానికి పంటు ఎక్కాను. బయల్దేరుతూ విజిల్ వేశారు. పక్కన కూరల సంచితో నిలబడ్డ పెద్దావిడ చటుక్కున నా చెయ్యి పట్టుకుని పైకెత్తారు. వెంటనే సిగ్గుపడి వదిలేశారు.

"ఏమీ అనుకోకండి. చిన్నప్పుడు గైడ్స్ వేసవి క్యాంపులో మమ్మల్ని జంటలుగా గోదాట్లోకి దింపేవారండి. విజిల్ వేస్తే జంట చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. అందరం ఉన్నామో లేదో టీచర్‌గారు అలా చూసుకునేవారు."

"మీ జంట ఎవరండీ?" అన్నాను నవ్వుతూ.

"మా చెల్లి. ఆఖరిసారి విజిల్ వేసినప్పుడు నేనొక్కదాన్నే చెయ్యెత్తానండి."



అవతలి రేవులో మళ్లీ విజిల్ వేశారు. ఆవిడ రెండు చేతులతోనూ సంచిని గట్టిగా పట్టుకున్నారు.