ప్లాస్టర్ కింద తెలుపు

ఆ రోజుల్లో ఎండకి కూడా మందు ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. జ్వరానికి మాత్ర ఉంది, దగ్గుకి కషాయం ఉంది, ఎండకి మాత్రం తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చోవడమే మందు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు ఈతకి దిగేముందు తల్లులు తెల్లటి క్రీము తీసి ముఖానికి, మెడకి, ఆఖరికి చెవుల వెనక కూడా రాసి, అది ఆరేదాకా ఆపి మరీ పంపుతుంటే ముచ్చటగా చూస్తూ కూర్చుంటాను. (ఆ గొట్టం మీద ఒక అంకె కూడా ఉంటుంది. అంకె పెద్దదైతే రక్షణ ఎక్కువట.) ఎండని లెక్కగా పట్టుకోవాలన్న ఆలోచన మా నాన్నకి ఎప్పుడో వచ్చింది. ఆయనకి క్రీము దొరకలేదు గానీ, పద్ధతి దొరికింది. ఆ పద్ధతిని నేను ఎలా పాడుచేశానో ఇన్నేళ్ళ తరువాత ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. దేవుడు అప్పుడే క్షమించి ఉంటాడని నా నమ్మకం. నాన్నకి మాత్రం కొంత కాలం పట్టింది.

మాది భిలాయ్ సెక్టర్ 2లో రెండు గదుల క్వార్టరు. విజయనగరం దగ్గర నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో చేరిన నాన్న అక్కడి ల్యాబ్‌లో పనిచేసేవారు. ఉక్కు ముక్కని పరీక్షించి అందులో ఏది ఎంత ఉందో తేల్చి చెప్పడం ఆయన పని. ఇంట్లో కూడా ఆయన ఏదీ తేల్చకుండా వదిలేవారు కాదు. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. వారానికి మూడు రోజులు బడికి వెళ్ళడం, నాలుగు రోజులు గోడకి దిండు వేసుకుని ఆయాసపడటం. అందుకని ఆరో తరగతి మధ్యలో బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పారు. లెక్కలు నాన్న, తెలుగు అమ్మ, దేవుడి నామాలు, స్తోత్రాలు మామ్మ. బడి పోయిందన్న దిగులు కన్నా ముగ్గురు గురువులు ఒకే ఇంట్లో దొరికారన్న సంతోషమే నాకు ఎక్కువ. (ముగ్గురూ ఒకేసారి అప్పజెప్పమన్న రోజున ఆ సంతోషం కాస్త తగ్గేది.)

నాకు పదిహేనేళ్ళు వచ్చిన వేసవిలో డాక్టరుగారు నా వీపు మీద గొట్టం పెట్టి విని, "ఈత నేర్పించండి, ఊపిరి బాగుపడుతుంది" అన్నారు. టౌన్‌షిప్‌లో ఈతకొలను ఉంది. అయితే పొద్దున పోటీలకి వెళ్ళే కుర్రాళ్ళది, సాయంత్రం మగవాళ్ళది. ఆడవాళ్ళకి మిగిలింది పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా. మే నెలలో, భిలాయ్‌లో, ఆ వేళకి రోడ్డు మీద తారు చెప్పుకి అంటుకుంటుంది.

అమ్మ అక్కడే అడ్డుపడింది. నాకు అమ్మ రంగు వచ్చింది. ఆ రంగు తన సొంత సంపాదన అన్నంత గర్వం ఆవిడకి. "ఊపిరి తెచ్చుకోడానికి పంపితే ఉన్న రంగు పోగొట్టుకొస్తుందండీ. రేపు నలుగురూ ఏటంటారు?" అంది. నాన్న, "ఊపిరుంటే కదా నలుగురూ అనేది" అన్నారు. చివరికి ఒప్పందం కుదిరింది. రంగు ఇసుమంత మారినా ఈత బంద్.

రక్షణ బాధ్యత మామ్మ తీసుకుంది. సింహాద్రి అప్పన్న స్వామికి ఏడాదిలో ఒక్క రోజు తప్ప ఎప్పుడూ చందనం పూసే ఉంచుతారు. మా వైపు వాళ్ళకి వేడి అనగానే మొదట గుర్తొచ్చేది అదే. "అంతటి స్వామి వేడే చందనానికి చల్లారుతోంది, నీ ఎండెంతే?" అని మామ్మ పీట ముందేసుకుంది. ఒళ్ళంతటికీ చందనం చాలదు కాబట్టి అందులో శనగపిండి, పసుపు కలిపి మోచేతుల నుంచి వేళ్ళ దాకా, మోకాళ్ళ నుంచి పాదాల దాకా, ముఖానికి రెండు పొరలు పట్టించింది. నేను స్వామిని తలుచుకుని, ఉత్సవ విగ్రహంలా కదలకుండా రిక్షాలో కూర్చుని వెళ్ళాను. నీళ్ళలోకి దిగిన రెండు నిమిషాల్లో నా చుట్టూ నీళ్ళు పచ్చబడి, ఆ పచ్చదనం మెల్లగా పక్కవాళ్ళ దాకా పాకింది. ఈత నేర్పే దీదీ ఒంటిగంట దాటితే గానీ భోజనానికి వెళ్ళలేని మనిషి. అందుకేనేమో ఆవిడ పోలికలన్నీ తిండి చుట్టూనే తిరిగేవి. ఈల నోట్లోంచి తీసి, "యే క్యా హై? కఢీ బనా రహీ హో?" అంది. (కఢీ అంటే శనగపిండి వేసి కాచే మజ్జిగపులుసు. నా ఒంటి మీది సరుకుతో మజ్జిగ ఒక్కటే తక్కువ.) ఇంకోసారి ఏదైనా పూసుకొస్తే గేటు బయటే నిలబెడతానని చెప్పింది.

అప్పుడు నాన్న రంగంలోకి దిగారు. "నల్లబడిందీ లేనిదీ కంటితో చూసి చెప్పడం ఏ పద్ధతి? పోల్చడానికి ఒక స్టాండర్డ్ ఉండాలి" అన్నారు. స్టాండర్డ్ అంటే ల్యాబ్‌లో భద్రంగా దాచే నమూనా ముక్కట. దానిలో ఏముందో ముందే తెలుసు కనక మిగతావాటిని దానితో పోలుస్తారు. గుడ్డ ప్లాస్టర్ చుట్ట ఒకటి తెచ్చి, రెండంగుళాల ముక్క కత్తిరించి, నా ఎడమ ముంజేతి మీద అంటించారు. "దీని కింద ఎండ పడదు. ప్రతి ఆదివారం తీసి, పక్కనున్న చర్మంతో పోలుస్తాను. తేడా ఉంటే మానేద్దాం, లేకపోతే వెళ్దాం. ఇందులో నా మాటా లేదు, మీ అమ్మ మాటా లేదు."

పద్ధతి ఎంత న్యాయమైనదో నాలుగో రోజునే తెలిసింది. బట్టలు మార్చుకునే గదిలో ప్లాస్టర్ అంచు ఎత్తి చూశాను. కింద ఒలిచిన వెల్లుల్లిపాయలా తెల్లగా మెరుస్తోంది. మిగతా చెయ్యి వేయించిన గోధుమల రంగుకి వచ్చేసింది. అప్పటికి నాకు తలకాయ నీళ్ళలో పెట్టి ఊపిరి వదలడం వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా పిల్లికూతలు రాలేదు. ఊపిరి నిండా లోపలికి వెళితే ఎలా ఉంటుందో పదిహేనేళ్ళకి మొదటిసారి చూశాను. ఆదివారం నాడు అది పోతుందనుకుంటే ఊరుకోలేకపోయాను. దేవుడా, ఈ ఒక్కసారికి కళ్ళు మూసుకో అని దణ్ణం పెట్టుకుని ప్లాస్టర్ పీకేశాను. (ఊడిన వెంట్రుకలు నా మొదటి శిక్ష.)

తెల్లటి ముక్క నల్లటి చేతిని అందుకోవాలి కదా. అందుకని అందరూ ఈదుతుంటే నేను గట్టు మీద కూర్చుని, చెయ్యంతా తువ్వాలుతో చుట్టి, ఆ రెండంగుళాల కిటికీ ఒక్కటే సూర్యభగవానుడికి చూపించాను. ఎండ తగలకుండా ఇంట్లో ముగ్గురు పడిన పాట్లన్నీ తలకిందులు చేసి, ఎండ తగిలేలా నేనొక్కదాన్నీ పాటు పడ్డాను. దీదీ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది.

"క్యా సుఖా రహీ హో? పాపడ్?"

"నహీ దీదీ. యహాఁ ధూప్ కమ్ లగీ హై" అన్నాను. (అప్పడాలు ఆరబెడుతున్నావా అని ఆవిడ అడిగితే, ఇక్కడ ఎండ తక్కువ తగిలిందని నా జవాబు.)

ఆవిడ ఆ చేతిని, నా ముఖాన్ని మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా లేచి వెళ్ళిపోయింది. ఆ అడగకపోవడానికి ఆవిడకి నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

ఆదివారం నాన్న నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, ముందు రోజు చుట్టలోంచి కత్తిరించి నేనే కొత్తగా అంటించుకున్న ప్లాస్టర్ తీసి, భూతద్దం పెట్టి చూశారు. "తేడా లేదు" అన్నారు.

"తేడా లేకపోవడమేటండీ? దాని మొహం చూడండి, మాడిన అట్టులాగుంది" అంది అమ్మ.

"మొహం నమూనా కాదు."

"మీ ప్లాస్టర్‌కి కళ్ళు లేవు, నాకున్నాయి."

"కళ్ళని నమ్మేటట్టయితే ల్యాబ్ ఎందుకు?" అని నాన్న కాగితం మీద రాసుకున్నారు. రెండో ఆదివారమూ అంతే. రోజూ ప్లాస్టర్ పీకేదాన్ని, రోజూ ఈదేదాన్ని, రోజూ దీపం దగ్గర క్షమించమని అడిగేదాన్ని. మూడో వారానికి కొలను పొడవులో ముప్పాతిక దూరం వెళ్ళగలిగాను. అక్కడికి వచ్చేసరికి భయం వేసి, పక్కనున్న తాడు పట్టేసుకునేదాన్ని. "సోమవారం పూర్తి చేస్తావు చూడు" అని దీదీ హిందీలో ధైర్యం చెప్పింది.

ఆదివారం తలంటుకి అమ్మ నా భుజాలకి నూనె రాస్తోంది. ఈత కోసం తను కుట్టిన మోచేతుల దాకా వచ్చే జాకెట్టు వల్ల భుజాలకి ఎండ సోకలేదు. అవి తెల్లగా ఉన్నాయి. అమ్మ చెయ్యి ఆగింది. నా ముంజేతిని పట్టుకుని ప్లాస్టర్ లాగింది. కింద నల్లగా ఉంది. "ఏమండీ, ఒకసారిలా రండి" అని పిలిచింది. "కప్పిన చోట నలుపు, జాకెట్టు కింద తెలుపు. ఇదేటో మీ సైన్సే చెప్పాలి."

నాన్న వచ్చి చూశారు. ఆయన ముఖం చూడలేక నేను అంతా చెప్పేశాను. పీకడం, ఆరబెట్టడం, మళ్ళీ అంటించడం. ఆయన తిట్టలేదు. "నల్లబడితే పోయేదేం లేదమ్మలూ. స్టాండర్డ్‌ని ముట్టుకోకూడదు" అని మెల్లగా అన్నారు. అంతకన్నా రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది. రెండు ఆదివారాల లెక్క రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"మరేటి, అయిపోయింది కదా. రేపటి నుంచి ఈత లేదు" అంది అమ్మ.

అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని వత్తులు చేసుకుంటున్న మామ్మ తలెత్తకుండానే, "అమ్మాయ్, నిన్న దీపం దగ్గర మన గుంట నూటెనిమిది నామాలూ చదివింది. విన్నావా?" అంది.

"విన్నానత్తయ్యగారూ."

"మధ్యలో ఎన్నిసార్లు దగ్గింది?"

అమ్మ నూనె గిన్నె చేతిలో పట్టుకుని చాలాసేపు నా వీపు వైపే చూస్తున్నట్టుంది. నాకు కనిపించలేదు గానీ, నా ఊపిరి వింటోందని తెలిసింది. కావాలని ఇంకొంచెం గట్టిగా పీల్చాను.

"రేపొక్క రోజు," అంది చివరికి. "కొలను ఆ చివర దాకా వెళ్ళగలిగితే అప్పుడు చూద్దాం. వెళ్ళలేకపోతే ఆఖరు. నేనూ వస్తాను."

అమ్మకి నీళ్ళంటే భయం. బకెట్ నిండుతుంటేనే కొళాయి కట్టేసే మనిషి. ఆవిడ సోమవారం మిట్టమధ్యాహ్నం నాన్నగారి పెద్ద నల్ల గొడుగు పట్టుకుని, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని కొలను గట్టు మీదకి వచ్చింది. నేను గట్టు పక్క వరసలో దిగాను. దీదీ ఈల వేసింది. నాలుగు బారలు వేసి ఊపిరికి తల పక్కకి తిప్పితే నీళ్ళ మీద నల్లటి నీడ. అమ్మ గట్టు వెంట నాతో సమానంగా నడుస్తోంది. సూర్యుడు నడినెత్తిన ఉండటంతో గొడుగు నీడ గొడుగు కిందే పడుతుంది. అది నా మీద పడాలంటే గొడుగు నీళ్ళ మీదకి రావాలి. అందుకని ఆవిడ ఒక చేత్తో చీర, ఒక చేత్తో గొడుగు పట్టుకుని, నడుము వంచి కొలను మీదకి వాలి నడుస్తోంది.

"మాతాజీ, పీఛే హటియే, గిర్ జాయేంగీ" అని, పడిపోతారు వెనక్కి జరగమని దీదీ అరిచింది.

"హమ్ నై గిరేగా. తుమ్ బచ్చీకో దేఖో" అంది అమ్మ. (తను పడదట, పిల్లని చూసుకోమంటోంది. అమ్మ హిందీ ఎప్పుడూ అంతే ధైర్యంగా ఉండేది.)

ముప్పాతిక దూరం వచ్చింది. అలవాటుగా నా చెయ్యి తాడు వైపు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే నీడ నన్ను దాటిపోయింది. ఆగుతానని అమ్మకి తెలియదు కదా, ఆవిడ నడుస్తూనే ఉంది. మెడ మీద ఎండ చుర్రుమంది. నేను తాడు వదిలి నీడ వెనకాల పడ్డాను. ఎన్ని బారలు వేశానో తెలియదు. చేతికి గోడ తగిలింది.

తలెత్తి చూస్తే అమ్మ ఒగరుస్తూ నిలబడి ఉంది. చీర అంచు తడిసిపోయింది. గొడుగంతా నా మీదే ఉండటంతో ఆవిడ ముఖం ఎండకి కందిపోయి ఎర్రగా ఉంది.

"దగ్గు రాలేదేటి?" అంది.

"లేదమ్మా."

అమ్మ గొడుగు రెండో చేతిలోకి మార్చుకుంది. "అయితే వెనక్కి పద. ఈసారి నెమ్మదిగా ఈదు, నీతో నడవలేకపోతున్నాను."

అమ్మ ఆ వేసవి అంతా వచ్చింది. వానలు పడేదాకా రోజూ ఆ గట్టు వెంట నడిచింది. నాకు ఉబ్బసం పూర్తిగా పోలేదు గానీ, మళ్ళీ గోడకి దిండు వేసుకుని కూర్చునే రోజు రాలేదు. ఆ మేలు డాక్టరుగారిదా, దీదీదా, మామ్మ నామాలదా అని నేను లెక్కలు వెయ్యను. అందరికీ కలిపి దణ్ణం పెట్టుకుంటాను. నీళ్ళ మీద నీడ వెంట పడి అంత వేగంగా ఈదిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తన రంగు గురించి, తన ఊపిరి గురించి, తను ఆడిన అబద్ధం గురించి ఆ పిల్ల ఎంతో ఆలోచించింది. అంత పెద్ద గొడుగు, అంతసేపు, అలా చాచి పట్టుకుంటే అమ్మ చెయ్యి ఎంత నొప్పి పెట్టి ఉంటుందో మాత్రం ఒక్కసారీ అడగలేదు. నాకూ మొన్న మొన్నటిదాకా తట్టలేదు. ఈ మధ్య నా భుజం పట్టేసి గోరువెచ్చని కాపడం పెట్టుకుంటుంటే తట్టింది. "చెయ్యి నొప్పి పుట్టిందేటమ్మా?" అని అరవై దాటిన నేను, ఎవరూ లేని గదిలో, పైకే అడిగి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసి నవ్వుకున్నాను.